బ్రేకు మేడమ్‌కి సరిపోయే బండి

అన్యాయం ఎవరికి జరిగింది? కారు నడపడం నేర్పే ఒక పంతులమ్మకి. ఎలా జరిగింది? తన కోసం, తన సంపాదనతో, తను నడుపుకోవడానికి ఒక స్పోర్ట్స్ మోటారు సైకిలు కొనుక్కుందామని ఆవిడ షోరూముకి వెళ్ళింది. అక్కడివాళ్ళు బండి తాళం ఆవిడ భర్త చేతిలో పెట్టి, ఆవిడ చేతిలో రంగుల నమూనాల అట్ట పెట్టారు. జరిగినది ఇంతే. చేసినవాళ్ళు దుర్మార్గులా అంటే, కాదు. కుర్చీ వేసి, ఫ్యాను ఆవిడ వైపు తిప్పి, చల్లటి మంచినీళ్ళిచ్చి మరీ చేశారు. మొరటుగా చేసిన అన్యాయం మీద కేకలు వెయ్యవచ్చు. ఇంత మర్యాదగా చేసినదాని మీద కేకలు వేస్తే, చూసేవాళ్ళకి కేకలు మాత్రమే వినబడతాయి.

ఆవిడని ఊళ్ళో అందరూ బ్రేకు మేడమ్ అంటారు. డ్రైవింగు స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ ముందు స్టీరింగు ఉంటుంది. నేర్పేవాళ్ళ ముందు అది ఉండదు, కాళ్ళ దగ్గర ఒక అదనపు బ్రేకు మాత్రం ఉంటుంది. తక్కిన పంతుళ్ళు దాన్ని ఆపదలో వాడతారు. ఆవిడ ఆపద ఇంకా వీధి మలుపు తిరగకముందే వాడేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు, "బ్రేకు మేడమ్ పక్కనుంటే కారుకేమీ కాదు, ఏమైనా అయితే మన మెడకే," అని చెప్పుకుంటారు. అందులో గౌరవమే ఎక్కువ. ఆవిడ పక్కన ఉండగా ఒక్క కారుకీ గీత పడలేదు.

ఆవిడ భర్త బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. మెత్తని మనిషి. ఎవరు ఏది చేతిలో పెడితే దాన్ని పట్టుకుని, "ఇది నాది కాదు" అని చెప్పడానికి మాటలు వెతుక్కునే స్వభావం. ఆ శనివారం ఉదయం షోరూములో తాళం పట్టుకుని ఆయన సరిగ్గా అలాగే నిలబడ్డాడు.

"సార్, ఈ ఎర్రది చూడండి. మీ ఎత్తుకి కొలిచి చేసినట్టుంటుంది," అన్నాడు సేల్స్‌మన్. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. వెడల్పాటి టై, ఆ టైకి మోటారు సైకిలు బొమ్మ ఉన్న పిన్ను.

"బండి నాక్కాదండీ. ఆవిడకి."

"అర్థమైంది సార్. సర్‌ప్రైజు."

"సర్‌ప్రైజు ఏమిటండీ, ఆవిడ ఇక్కడే కూర్చునుంది కదా!"

సేల్స్‌మన్ ఆవిడ వైపు తిరిగి చాలా ఆప్యాయంగా నవ్వాడు. "మేడమ్‌కి స్కూటర్లు పై అంతస్తులో ఉన్నాయి. ముందు బుట్ట ఉచితం."

"నాకు బుట్ట వద్దు," అంది ఆవిడ. "ఈ ఎర్రదాని సీటు నేల మీంచి ఎంత ఎత్తు?"

జవాబు ఆవిడ భర్తకి చెప్పాడు. "సార్, ఎత్తు గురించి మేడమ్ కంగారు పడక్కర్లేదు. వెనక సీటు ఇంకా ఎత్తే, కానీ పట్టుకోడానికి బెల్టు ఉంది. ఒకసారి కూర్చుని చూడండి సార్, బరువు తెలుస్తుంది."

కళ్ళజోళ్ళాయన కాదనలేక కూర్చున్నాడు. బరువు తెలిసింది. పక్క స్టాండు తీయమంటే తీశాడు. తీశాక బండిని నిలబెట్టవలసింది తనేనన్న సంగతి ఎవరూ చెప్పలేదు. ఎర్రది ఎంతో నిదానంగా, పెద్దమనిషి సోఫాలో వాలినట్టుగా, పక్కనున్న పూలకుండీ మీదికి వాలింది. ఆయన దాని మీంచి దిగి, రెండు చేతులతో కుండీని పట్టుకున్నాడు. బండిని వదిలేసి కుండీని ఎందుకు పట్టుకున్నాడో ఆయన ఆ తరవాత కూడా చెప్పలేకపోయాడు.

అద్దాల గదిలోంచి మేనేజరు బయటికి వచ్చి, గీతలు పడలేదని వంగి వంగి చూసుకుని, "ఈ పార్టీకి ఇంక టెస్ట్ రైడ్ లేదు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

"పడేసింది ఆయన. నాకెందుకు లేదు?" అని ఆవిడ సేల్స్‌మన్‌ని అడిగింది.

"ఒకే ఫ్యామిలీ కదా మేడమ్," అన్నాడు అతను, నొచ్చుకుంటూ. "ఈలోపు రంగు అనుకుని ఉంచండి," అని అట్ట ఆవిడ చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి వార్త ముందే వచ్చి కూర్చుంది. బజారులో ఒక పని జరిగితే అది అత్తగారి చెవికి చేరడానికి మనుషులు నడవక్కర్లేదు.

"ఏరా, బండి మీంచి పడ్డావటగా?"

"పడలేదమ్మా. బండి పడింది. నేను నిలబడే ఉన్నాను."

"అదేదో పెద్ద ఘనకార్యంలా చెప్తున్నావు," అని అత్తగారు కోడలి వైపు తిరిగింది. ముందు గదిలో కిటికీ పక్క కుర్చీ ఆవిడ స్థానం, విచారణలన్నీ అక్కడే. "అసలు నీకెందుకే ఆ బండి? ఈ వయసులో?"

కోడలు చెప్పులు విప్పి గోడవారగా పెట్టి, నిలబడే జవాబు చెప్పింది. "ఇన్నేళ్ళూ నేను కూర్చున్న సీటు ముందు స్టీరింగు లేదు అత్తయ్యా. ఒక్కసారైనా నా బండి నేను నడుపుకోవాలి."

"అయితే కారు కొనుక్కో."

"కారులో పక్క సీటు ఉంటుంది. అందులో ఎవరో కూర్చుంటారు. నేను వాళ్ళని కనిపెట్టుకుని ఉంటాను. నాకా జబ్బు ఉంది."

"దీనికీ వెనక సీటు ఉందిగా?"

"వెనకున్నవాళ్ళు కనబడరు."

అత్తగారు ఆ వాదంలో తప్పు వెతికి, దొరక్క, ఇంకో చోట పట్టుకుంది. "కొనుక్కుంటే కొనుక్కో. ఆ ప్రకటనల బొమ్మల్లో వాళ్ళలా అంత వంగి మాత్రం కూర్చోకు. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నావని జనం బళ్ళాపి అడుగుతారు."

ఆదివారం ఇల్లు షోరూము అయింది. కళ్ళజోళ్ళాయనకి ఏ సమస్యకైనా ఒక్కటే పద్ధతి తెలుసు: కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం. రెండిటిలో ఒకటి ఎంచుకోగలిగితే మనిషి దేన్నైనా ఎంచుకోగలడని ఆయన నమ్మకం. సోఫా చేతి మీద దిండు వేసి భార్యని దాని మీద అటొక కాలు ఇటొక కాలు వేయించి కూర్చోబెట్టాడు. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే బల్ల, దాన్ని పట్టుకుని వంగాలి. దుకాణం నుంచి తెచ్చిన స్కేలుతో మడమకీ నేలకీ మధ్య సందు కొలిచాడు.

"మునివేళ్ళే ఆనుతున్నాయోయ్. ఇది బాగుందా?" దిండు తీసేశాడు. "ఇది బాగుందా?"

"రెండోది."

"చేతులు?" ఇస్త్రీ బల్ల ఒక మెట్టు దింపాడు. "ఇదా?" పైకెత్తాడు. "ఇదా?"

"పైది. కిందదైతే ఒళ్ళు బరువంతా మణికట్టు మీద పడుతోంది."

"ఎర్రదాని హ్యాండిలు కిందదాని కంటే ఇంకా కిందికుంది," అన్నాడు ఆయన గంభీరంగా. ఒకరోజు బండి మీద కూర్చుని పడేసినందుకు ఆయనకి దాని కొలతలన్నీ వచ్చేశాయి.

"అయినా నాకదే కావాలి," అంది ఆవిడ ఇస్త్రీ బల్ల మీద వంగే.

అందులో బండి మీది ఇష్టం ఎంతో, ఇవ్వలేదన్న పంతం ఎంతో ఆవిడ విడదీసి చూసుకోలేదు. వంగిన మనిషిని కిటికీ పక్కనుంచి అత్తగారు చూసి, "ఏం పోయిందే, నేనూ వెతకనా?" అంది.

సోమవారం ఆవిడ స్కూలు యూనిఫాం కోటుతోనే, ఒక్కతే షోరూముకి వెళ్ళింది. నేరుగా అద్దాల గదిలోకి వెళ్ళి, మోటారు సైకిలుకీ కారుకీ కలిపి ఉన్న లైసెన్సు బల్ల మీద పెట్టి, కూర్చోమనకముందే కూర్చుంది. ఆవిడ గొంతు పెంచలేదు. తరగతిలో పాఠం చెప్పినట్టు మూడు ప్రశ్నలు అడిగింది. కొనేది ఎవరు? నడిపేది ఎవరు? తాళం ఎవరి చేతికి ఇచ్చారు? మేనేజరు మూడో ప్రశ్న దగ్గర పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"మేడమ్, టెస్ట్ రైడులో మా మనిషి వెనక కూర్చోవాలి. రూలు."

"కూర్చోమనండి."

సేల్స్‌మన్ టైని భుజం మీదుగా వెనక్కి వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, "నెమ్మదిగా వెళదాం మేడమ్," అంటూ వెనక ఎక్కాడు. ఎర్రది గుర్రుమంది. ఆవిడవి పెళ్ళికి ముందు అన్నగారి బండి నడిపిన చేతులు, క్లచ్చు మరిచిపోలేదు. షోరూము మెట్టు దిగి రోడ్డెక్కేటప్పుడు ఆవిడ ఎంత ఒడుపుగా తిప్పిందంటే, మేనేజరు అద్దంలోంచి చూసి పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

అంతవరకూ అంతా బాగుంది. ఆ తరవాత రోడ్డు మీదికి తక్కిన ప్రపంచం వచ్చింది.

కారులో ఆవిడ ముందున్న బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. మోటారు సైకిలు వెనక చక్రం బ్రేకూ కుడికాలి కిందే. ఆవిడ కాలికి ఈ రెండిటికీ తేడా చెప్పినవాళ్ళు లేరు. ముందు వెళుతున్న రొట్టెల వ్యాను ఒక వైపు లైటు వేసి ఇంకో వైపు తిరగబోయింది. ఆవిడ కాలు దిగింది. వెనక చక్రం కీచుమంది. వెనకాయన హెల్మెట్ వచ్చి ముందావిడ హెల్మెట్‌కి టక్కున తగిలింది.

"ఏమైంది మేడమ్?"

"ఆ వ్యాను ఆగాలి."

"ఆగింది కదా!"

"నేను వేశాక ఆగింది."

అవతలి వరసలో ఒక సైకిలాయన ఫోను చూస్తూ తొక్కుతున్నాడు. టక్కు. ఆగి ఉన్న కారులోంచి ఎవరో తలుపు తెరుద్దామా అన్నట్టు చెయ్యి ఆడించారు. టక్కు. ఎదుటి వీధిలో ఒక లారీ వెనక్కి వస్తోంది, అది వీళ్ళ దారికి ఏ రకంగానూ అడ్డం రాదు. టక్కు. ఆగిన ప్రతిసారీ సీటు మీంచి ఒక పక్కకి జారితే తప్ప ఆవిడ కాలు నేలకి ఆనేది కాదు. జారినప్పుడల్లా వెనకాయన ఎవరినో తలచుకుని గొణిగాడు. బజారు చుట్టి షోరూముకి తిరిగి వచ్చేసరికి ఆవిడ మణికట్లు మండుతున్నాయి, అతని టై గొంతు చుట్టూ రెండు మెలికలు తిరిగి ఉంది.

దిగి, టై సవరించుకుని, అతను మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసి మాట్లాడాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. నడపడం మీకు బ్రహ్మాండంగా వచ్చు. కానీ మీరు రోడ్డు మీదున్న బళ్ళన్నీ నడిపారు. మా బండి ఒక్కటే ఖాళీగా వచ్చింది."

సాయంత్రం ఆవిడ కోపంతో భర్త దుకాణానికి వెళ్ళింది. ఆయన సానరాయి దగ్గర కూర్చుని ఒక అద్దం అంచు అరగదీస్తున్నాడు. అరగదీయడం, ఫ్రేములో పెట్టి చూడడం, వెంట్రుకవాసి ఎక్కువుంటే మళ్ళీ తీసి అరగదీయడం. ఆవిడ ఎదురుగా, కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళ ఎత్తు కుర్చీలో కూర్చుని మొత్తం చెప్పింది. వ్యాను సంగతి, లారీ సంగతి, టై సంగతి.

"నేను బళ్ళన్నీ నడిపానట! ఎంత పొగరో చూశారా?"

ఆయన నవ్వుతాడని ఆవిడ అనుకుంది. ఆయన నవ్వలేదు. అద్దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

"ఏమండీ, మిమ్మల్నే."

"అతని ముక్కు బాగానే ఉందా?"

"ఉంది. నేనడిగింది అది కాదు."

"నువ్వు నాకు కారు నేర్పిన రోజులు గుర్తున్నాయా?" అన్నాడు ఆయన.

ఊరందరికీ గుర్తున్నాయి. కారు నేర్పే ఆవిడ మొగుడికి కారు రాదన్నది బజారులో పాత నవ్వు. ఆవిడే స్కూల్లో కొత్తవాళ్ళకి ధైర్యం చెప్పడానికి, "ఎంత భయస్థుడికైనా నేర్పుతాను, మా ఆయనకి తప్ప," అనేది.

"మీరు భయపడి మానేశారు."

"అని నువ్వు అంటావు. ఊరూ అంటుంది. భయపడడానికి నాకు టైమేదోయ్? నేను భయపడేలోపు నువ్వు ఆపేసేదానివి." ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళకి ఫ్రేము గుణాలు చెప్పినట్టే చెప్పాడు. "నా కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి అది అప్పటికే కిందికి దిగి ఉండేది. నేనొక్కసారీ ఆపలేదు. ఆపగలనో లేనో ఈ రోజుకీ నాకు తెలియదు. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చున్న మనిషి చదవాల్సిన అక్షరాలు నేనే పైకి చదివేస్తే, వాళ్ళకి చూపుందో లేదో నాకెలా తెలుస్తుంది? వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబుదామని నోరు తెరిచేలోపు..." అని ఆయన సానబల్ల కింద కుడికాలితో నేలని గట్టిగా ఒక్క నొక్కు నొక్కి చూపించాడు.

ఆవిడకి నవ్వొచ్చింది, సగంలో ఆగిపోయింది. ఎదురుగా గోడ మీద అక్షరాల పటం ఉంది, పెద్దవి పైన, చిన్నవి కింద. ఆవిడ దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది.

న్యాయం అడగడానికి బయలుదేరినవాళ్ళకి ఒక చిక్కు ఉంది: ఎదుటివాడికి ఏ తూకం రాయి వేశామో, మనకీ అదే వేయాలి. సేల్స్‌మన్ చేసినదేమిటి? ఆవిడకి చేతనవునో కాదో చూడకుండానే చేతకాదని అనుకున్నాడు. ఆవిడ చేసినదేమిటి? భర్తకి తాళం ఇచ్చింది, స్టీరింగు ఇచ్చింది, ఆపడం ఒక్కటీ తన కాలి కింద దాచుకుని, ఆపడం రాదని ఊరికి చెప్పింది. సేల్స్‌మన్ కనీసం రంగుల అట్ట ఇచ్చాడు.

"మీకు నేను బాకీ ఉన్నాను," అంది ఆవిడ కుర్చీ దిగుతూ.

"దేనికి?"

"బ్రేకుకి."

"సరేలే," అన్నాడు ఆయన కంగారుగా. "ఇప్పుడేం తొందర, నేనేం అడిగానా?"

మర్నాడు పాఠం రొట్టెల కొట్టు యజమానిది. మంచి దిట్టమైన మనిషి, స్టీరింగుని పిండి ముద్దలా పట్టుకునేవాడు. కూడలి దగ్గర ఎప్పటిలాగే ఆవిడ కాలు దిగింది, కారు ఆగింది.

"నేను వేసుండకపోతే మీరు వేసేవారా?" అని ఆవిడ అడిగింది.

అతను నిజాయితీగా ఆలోచించాడు. "ఏమో మేడమ్. మీరుండగా నేనెందుకు వేస్తానండీ?"

ఆవిడ మిగతా పాఠమంతా కాళ్ళు వెనక్కి ముడుచుకుని కూర్చుంది. అతను ఒకసారి కాలిబాట అంచుని ముద్దు పెట్టుకున్నాడు; రెండోసారి దానికి జానెడు ఇవతలే, తనంతట తను, ఆగాడు. ఆగి, ఎవరో తన జేబులో ఏదో పెట్టినట్టు ఆశ్చర్యంగా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చొక్కా వెనక చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

బుధవారం మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి షోరూముకి వెళ్ళారు. సేల్స్‌మన్ ఆయన్ని చూసి ముందు పూలకుండీని పక్కకి జరిపాడు. తరవాత తాళాలన్నీ ఉన్న పళ్ళెం తీసుకొచ్చి, ఆవిడ ముందు, ఆవిడకే ఎదురుగా పెట్టాడు.

"మేడమ్, ఏది కూర్చుని చూస్తారు?"

"రెండు చూపించండి," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "ఒకటి కాదు. ఎప్పుడూ రెండు."

అలా షోరూము కంటి పరీక్ష గది అయింది. రెండు బళ్ళు పక్కపక్కన నిలబెట్టేవారు. ఆవిడ ఒకదాని మీద కూర్చుని, దిగి, రెండోదాని మీద కూర్చునేది. ఆయన స్కేలు పట్టుకుని, "ఇదా, అదా?" అనేవాడు. ఓడినదాన్ని సేల్స్‌మన్ తోసుకుపోయి ఇంకోటి తోసుకొచ్చేవాడు. ఎర్రది నాలుగో జతలోనే ఓడిపోయింది. ఆవిడ దాని ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేసి, "తీసుకెళ్ళండి," అంది. అది ఆవిడకి పెద్దదని కాదు. తనకి ఇవ్వనన్నందుకే అది కావాలనిపించిందని, ఇస్తామన్నాక తెలిసిపోయింది.

నెగ్గినది మధ్యరకం. ఇంజను ఎర్రదాని కంటే చిన్నది, హైవే మీద ఎవరికీ దారి ఇవ్వక్కర్లేనంత పెద్దది. సీటు పల్లంగా ఉంది, రెండు మడమలూ నేలకి పూర్తిగా ఆనాయి. హ్యాండిలు రెండంగుళాలు పైకి ఉండడంతో నడుం వంగింది కానీ మణికట్టు మీద బరువు పడలేదు. అడ్డంగా పడుకోబెట్టి లేపి చూస్తానని ఆవిడ పట్టుబట్టింది. పడిన బండిని లేపలేని మనిషి కొనకూడదని అంది. వీపు బండికి ఆనించి, మోకాళ్ళ బలంతో, ఎవరి చెయ్యీ పడకుండా లేపింది. దాని రంగు ముదురు నీలం.

"రంగు ఇష్టమేనా మేడమ్? అట్ట చూపించనా?" అన్నాడు సేల్స్‌మన్, అలవాటు కొద్దీ, అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"రంగు మా ఆయన చూస్తారు," అంది ఆవిడ. "అట్ట ఆయనకివ్వండి."

కళ్ళజోళ్ళాయన అట్టని వెలుతురులోకి తిప్పి, ఎంతో శ్రద్ధగా చూసి, నీలమే బాగుందన్నాడు.

"టెస్ట్ రైడు?" అని ఆవిడ అడిగింది.

మేనేజరు అద్దాల గదిలోంచి సేల్స్‌మన్ వైపు చూశాడు. సేల్స్‌మన్ తన మెడ పట్టుకుని మేనేజరు వైపు చూశాడు. "సార్, రూలంటే రూలే. కానీ మేడమ్ వెనక కూర్చోవాలంటే నాకు మెడ ఇన్సూరెన్సు చేయించండి."

అలా ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ క్షమాపణా లేకుండా, ఆవిడకి రావలసినది వచ్చింది: బండి, రోడ్డు, వెనక ఎవరూ లేకపోవడం.

బజారు దాటేవరకూ కాలు నాలుగైదు సార్లు దిగబోయింది. ఆవిడ కాలితో పైకే మాట్లాడింది. "అది నీది కాదు. అది ఆయనది. అది వాళ్ళది." కూడలిలో మళ్ళీ ఆ రొట్టెల వ్యానే ఎదురైంది; తప్పు వైపు లైటు వేసుకుని తిరగబోయింది. దానికీ తనకీ మధ్య ఎంత దూరం ఉందో ఆవిడ కొలుచుకుంది, కావలసినంత ఉంది. కాలు కదలలేదు. వ్యాను డ్రైవరు తనంతట తనే తప్పు తెలుసుకుని, ఆగి, ఎవరితోనో ఏదో అరిచి, సరైన వైపు తిరిగి వెళ్ళిపోయాడు. ప్రపంచం ఆవిడ కాలి మీద నిలబడి లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు మనిషికి కొంచెం చిన్నతనంగా ఉంటుంది. ఆ వెంటనే ఎంతో తేలికగా ఉంటుంది. ఆవిడ గేరు మార్చింది. తిన్నటి రోడ్డు వచ్చింది. ఆ తరవాత కొంతసేపు ఆవిడ నడిపినది ఒక్క బండినే.

బండి కాగితాలు పూర్తయి చేతికి వచ్చేది ఆదివారం. ఈలోపు ఆవిడ భర్త చేత లెర్నరు లైసెన్సు పరీక్ష రాయించింది. తెల్లవారకట్ల స్కూలు వెనక ఖాళీ మైదానంలో గుండ్రంగా తిప్పించింది. మైదానంలో గుద్దడానికి ఏమీ లేదు గనక అక్కడ కాళ్ళు ముడుచుకోవడం పెద్ద త్యాగమేమీ కాదు.

ఆదివారం పొద్దున స్కూలు కారు గుమ్మం ముందు పెట్టి, ఆవిడ తాళం ఆయన చేతిలో పెట్టింది. "షోరూముకి మీరు నడపండి. అక్కణ్ణించి నేను నా బండి మీద వస్తాను."

"రోడ్డు మీదా?" అన్నాడు ఆయన.

"షోరూము రోడ్డు మీదే కదా ఉంది."

అత్తగారు కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఏరా, నిజంగానే నడుపుతావా? ఏమే, నువ్వు పక్కనే ఉంటావుగా?"

"ఉంటాను అత్తయ్యా. ఊరికే ఉంటాను."

ఆవిడ పక్క సీటులో కూర్చుని, చెప్పులు విప్పి కింద పెట్టి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. ఆయన ఆ కాళ్ళ వైపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. కారు ఒక గంతు వేసి బయలుదేరింది.

ఆ ప్రయాణం నడిచివెళ్ళే మనిషి కంటే కొంచెం నిదానంగా సాగింది. ఒక ముసలాయన చేతికర్రతో వీళ్ళని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.  కూడలి దగ్గర నీళ్ళ ట్యాంకరు పక్క వీధిలోంచి మూతి బయటికి పెట్టింది. ఆవిడ కుడికాలు ఎడమతొడ కింద గిలగిల కొట్టుకుంది. ఆవిడ రెండు చేతులతో చీలమండని పట్టుకుని కూర్చుంది. ట్యాంకరు ఇంకా ముందుకొచ్చింది. ఇంకా. ఆవిడ కళ్ళు మూసుకోలేదు; మూసుకుంటే లెక్కలోకి రాదు.

కారు ఆగింది. ట్యాంకరుకీ దీనికీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత జాగా ఉంది. క్లచ్చు తొక్కడం మరిచిపోవడంతో ఇంజను ఆరిపోయింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి.

ఆయన స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. గుసగుసగా అడిగాడు. "ఆపింది ఎవరోయ్?"

"మీరే."

"నువ్వు నొక్కలేదూ?"

ఆవిడ సీటు మీదున్న రెండు పాదాలూ చూపించింది.

"నేనే," అన్నాడు ఆయన. ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపి ఏదో తిట్టాడు. ఈయన ఎంతో సంతోషంగా తిరిగి చెయ్యి ఊపాడు. ఇంజను తిప్పాడు, మొదటి గేరు వేశాడు. ఈసారి గంతు లేదు.

తిన్నటి రోడ్డులో ఆయన రెండో గేరు వేశాడు. వేసి ఆవిడ వైపు చూడబోయి, చూడకుండా రోడ్డునే చూశాడు. మూడో గేరు వేశాడు. భుజాలు కిందికి దిగాయి. కిటికీ అద్దం దింపి మోచెయ్యి బయట పెట్టాడు. ఎవరో నడుపుతుంటే చూసి ఎన్నాళ్ళనుంచి దాచుకున్న భంగిమో అది.

దూరంగా షోరూము కనబడింది. గుమ్మం ముందు, ఎండలో, నీలం బండి తుడిచి నిలబెట్టి ఉంది. పక్కన సేల్స్‌మన్, టై బిగించి, చేతిలో తాళంతో. కారుని చూసి అతను చెయ్యెత్తాడు.

కారు వేగం తగ్గలేదు. ఆయన పెదవులు ఏదో రాగానికి కదులుతున్నాయి. గుమ్మం వచ్చింది. నీలం బండి ఆవిడ కిటికీ పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, ముందు చక్రం, ట్యాంకు, సీటు, వెనక చక్రం, వరసగా వెనక్కి వెళ్ళిపోయింది. తాళం పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

ఆవిడ కాలు కదలలేదు. పట్టుకోకుండానే కదలలేదు.

"షోరూము దాటిపోయామేమో కదోయ్?" అన్నాడు ఆయన, బజారు చివర.

"దాటాం," అంది ఆవిడ. "ఎక్కడ ఆపాలో మీ ఇష్టం."

ఆయన కొంచెం ఆలోచించాడు. "అయితే చెరుకు మిల్లు దాకా వెళ్ళొద్దాం," అని నాలుగో గేరు వేశాడు.

ఆవిడ సీటు వెనక్కి వాల్చుకుంది. పాత బాకీ, వడ్డీతో సహా, ఆ మలుపు దగ్గర పూర్తిగా తీరిపోయింది.